అరవై ఒకటో పత్రం

గ్లోరీ ఆడిట్ శాఖలో చేరి ఇరవై రెండేళ్లయింది. పంచాయతీలు, మార్కెట్ కమిటీలు, గ్రంథాలయాలు, హాస్టళ్లు, ఎన్నింటి లెక్కలు చూసిందో ఆమెకే గుర్తులేదు. ఎక్కడికి పోయినా టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా తనవే. ఎదుటివాళ్లు తెప్పించిన చాయ్ ముట్టేది కాదు. కొత్తగా చూసినవాళ్లు పొగరనుకునేవారు గాని, అది తండ్రి గుండయ్య పెట్టిన షరతు. ఉద్యోగం వచ్చిననాడు ఆయన ఒకటే మాట అన్నాడు: “ఒకల ఉప్పు తిన్నంక వాళ్ల తప్పు రాయనీకి చెయ్యి రాదు బిడ్డా. నువ్వు తినకు.”

గుండయ్యది న్యాల్‌కల్ మండలంలోని కెంపుగడ్డ. ఎర్రమన్ను నేల, వాన పడితేనే పంట. రెండెకరాల చెలకలో కందులు, జొన్నలు పండించి, మిగతా రోజులు కూలికి పోయి ముగ్గురు పిల్లలను పెంచాడు. గ్లోరీ పెద్దది. ఊళ్లోని క్రైస్తవ వాడలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి ఆడపిల్ల. ఇప్పుడామె జహీరాబాద్‌లో భర్త దేవరాజ్‌తో ఉంటోంది. దేవరాజ్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో వెల్డర్.

ఆ ఏడు జూన్ మొదటి వారంలో ఆమెకు అనువాద కేంద్రం ఆడిట్ పడింది. జహీరాబాద్ ప్రాంతం ఒకప్పుడు బీదర్ జిల్లాలో ఉండేది కనుక ఇక్కడి పాత భూమి కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. కొన్ని కన్నడంలో, కొన్ని మరాఠీలో. వాటిని తెలుగులోకి మార్చి ముద్ర వేసి ఇవ్వడానికి ప్రభుత్వం పదేళ్ల కిందట ఆ కేంద్రం పెట్టింది. పేజీకి ఇంత అని జనం దగ్గర ఫీజు తీసుకుంటారు, పేజీకి ఇంత అని అనువాదకులకు ఇస్తారు. ఆ ముద్ర పడిన తెలుగు కాగితాన్ని ఏ ఆఫీసులోనైనా అసలుతో సమానంగా చూస్తారు. మార్చి ముగిశాక ఏడాది లెక్కలన్నీ ఆడిట్‌కు వస్తాయి. చిన్న ఆఫీసు. వారం రోజుల పని.

అంతకుముందు మూడేళ్లు దాన్ని చూసినవాడు రామచందర్. ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉండగానే ఆయన సొంతంగా రిటైర్మెంట్ తీసుకుని నిజామాబాద్‌లో కూతురి దగ్గరకు వెళ్లిపోయాడు. ఆడిట్‌లో రాసిన పాత అభ్యంతరాల, అంటే పేరాల గురించి అడుగుదామని గ్లోరీ ఫోన్ చేస్తే మూడు రోజులు ఎత్తలేదు. నాలుగో రోజు ఎత్తాడు.

“సార్, రేపటి సంది అనువాద కేంద్రం వోతున్న. జర చూడవలసినవి ఏమన్న ఉన్నయా?”

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది. 

“పేజీలు లెక్కవెట్టు తల్లీ,” అన్నాడాయన. “పేజీల ఏం రాసిన్రో సదవకు.”

ఇంకేదో అడగబోయేలోగా పెట్టేశాడు. తర్వాత ఆ నంబరు మళ్లీ కలవలేదు.

కేంద్రం హైవే పక్క సందులో, అల్లం గోదాము మీది అంతస్తులో ఉంది. తడి అల్లం ఘాటు మెట్ల దాకా కొడుతుంది. హైవే మీద లారీ పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు సన్నగా అదురుతాయి. మొదటిరోజు గ్లోరీ మెట్ల దగ్గరికి వచ్చేసరికే డైరెక్టర్ ప్రేమ్‌సాగర్ కిందికి దిగి నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. మాట మెత్తన.

“రండి మేడం. మీకోసం అన్నీ రెడీ చేయించిన. మీది కెంపుగడ్డ కదా? గుండయ్య గారి బిడ్డ.”

గ్లోరీ ఒక మెట్టు మీద ఆగింది. ఉద్యోగంలో చేరాక ఆమెను ఊరి పేరుతో, తండ్రి పేరుతో పలకరించిన ఆఫీసరు ఇంతవరకు లేడు. “మీకెట్ల తెలుసు సార్?”

“తెలుసుకోవాలె కదా మేడం, వచ్చేదెవరో,” అని నవ్వాడు.

పైన గదిలో ఫైళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. క్యాష్ బుక్కులో ఒక్క కొట్టివేత లేదు. ఓచర్లు తేదీల ప్రకారం కుట్టి ఉన్నాయి. ఏ ఆఫీసులోనైనా ఆడిట్ వాళ్లు వచ్చాక గంట సేపు బీరువా తాళాలు వెతుకుతారు. ఇక్కడ ఏదీ వెతకాల్సిన పని పడలేదు. సాయంత్రానికి ఆమె పేజీలు లెక్కపెట్టింది, ఫీజు రసీదులతో సరిచూసింది. రూపాయి తేడా రాలేదు. ఇంటికి పోతూ ఆమె సంతోషపడి ఉండాల్సింది. ఎందుకో బస్టాండు దాకా నడుస్తుంటే వీపు వెనుక నుంచి ఎవరో చూస్తున్నట్టే ఉంది.

లెక్కల సూపరింటెండెంట్ పేరు కోటేశ్వరరావు. ఆయన తండ్రి తెనాలి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కోటేశ్వరరావు పుట్టింది జహీరాబాద్‌లోనే అయినా ఇంటి మాట మాత్రం వదల్లేదు. ఫైలు అడిగితే వెంటనే తెచ్చేవాడు, కాని ఆమె దాన్ని తెరిచి చూస్తున్నంతసేపూ అక్కడి నుంచి కదిలేవాడు కాదు.

రెండోరోజు మధ్యాహ్నం ఆమె అనువాదకుల చెల్లింపుల ఫైలు తెరిచింది. గురులింగప్ప పేరున వరసగా ఓచర్లు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. అన్నీ ఉర్దూ నుంచి తెలుగు. అన్నిటి కిందా తెలుగులో ఒకే సంతకం.

ఆమె చేతిలోని స్కేలు ఆ గీత దగ్గరే ఆగింది.

గురులింగప్ప ఆమెకు కొత్తవాడు కాదు. కెంపుగడ్డ పక్క ఊరి బడి పెద్ద సారు. బీదర్‌లో ఉర్దూ చదువు చదివినవాడు. చుట్టుపక్కల ఏ ఊళ్లో పాత కాగితం బయటపడినా జనం ఆయన దగ్గరికే తెచ్చేవారు. ముందు ఉర్దూలో పైకి చదివేవాడు, తర్వాత వచ్చినవాడి భాషను బట్టి కన్నడంలోనో తెలుగులోనో విప్పి చెప్పేవాడు. బడి అయ్యాక సాయంత్రాలు తన అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టి ఉర్దూ అక్షరాలు నేర్పేవాడు. గ్లోరీ కూడా రెండేళ్లు ఆ అరుగు మీద పలక పట్టుకుని కూర్చుంది. కేంద్రం పెట్టినప్పుడు అనువాదకుల జాబితాలో మొదట రాసింది ఆయన పేరే. సంతకం మాత్రం జీవితమంతా ఉర్దూలోనే చేశాడు.

ఆయన పోయిన శ్రావణంలో చనిపోయాడు. ఆరోజు వాన విడవకుండా పడింది. లింగాయతుల ఆచారం ప్రకారం ఆయనను కూర్చోబెట్టి సమాధి చేస్తుంటే గ్లోరీ గొడుగు కూడా లేకుండా అక్కడే నిలబడింది.

“కోటేశ్వరరావు సార్,” అంది ఆమె తల ఎత్తకుండా. “ఈ గురులింగప్ప ఇప్పుడెట్లున్నడు?”

కోటేశ్వరరావు చేతిలోని పెన్ను కిందపెట్టాడు. లేచి, అంత ఉక్కలోనూ కిటికీ రెక్కలు మూశాడు. “బానే ఉన్నారనుకుంటానండి,” అన్నాడు కిటికీ వైపే తిరిగి.

ఆమె ఓచర్లు లెక్కపెట్టింది. అరవై ఒకటి. మొత్తం కలిపితే లక్షన్నర దాటదు. దొంగ ఓచర్లు ఆమె చాలా చూసింది. చనిపోయినవాళ్ల పేరున పింఛన్లు, కట్టని మరుగుదొడ్లు, తవ్వని బోర్లు. లక్షన్నర కోసం ఇంత శుభ్రంగా ఫైళ్లు పేర్చిపెట్టినవాడిని ఎక్కడా చూడలేదు. ఆ మాట మనసులో పడ్డాక ఆమెకు డబ్బా తెరవబుద్ధి కాలేదు.

ఆడిట్‌లో అనుమానం వస్తే జవాబు కోరుతూ నంబరు వేసి ఒక కాగితం ఇస్తారు. దాన్ని హాఫ్ మార్జిన్ అంటారు. మూడోరోజు పొద్దున్నే గ్లోరీ అది రాసింది: గురులింగప్ప చేసినట్టు చెప్పిన అరవై ఒక్క అనువాదాల ఆఫీసు ప్రతులు చూపించాలి. పావుగంటలో ప్రేమ్‌సాగర్ ఆమె గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

“మేడం, మీరు లెక్కలు చూడాలె గాని భాష చూస్తరా?”

“పేజీకి ఇంత అని పైసలిచ్చిన్రు సార్. ఆ పేజీ ఉన్నదో లేదో చూడాలె కదా.”

“ఉన్నయి. లెక్కవెట్టుకోన్రి.” ఆయన జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. “రామచందర్ సార్ కూడా మంచిగ లెక్కవెట్టిండు. పాపం, ఆయనకు గిప్పుడు నిద్ర పడుతలేదంట.”

అది చెప్పినప్పుడు కూడా ఆయన గొంతు మెత్తగానే ఉంది.

బీరువాలో ఒక్కో అనువాదానికి ఒక్కో కవరు. లోపల ఉర్దూ అసలు కాగితం నకలు, దాని వెనుక తెలుగులో టైపు చేసిన ప్రతి. అన్నీ న్యాల్‌కల్ మండలంలో నాలుగు ఊళ్లవి. అన్నిటికీ దరఖాస్తు చేసింది భూములు కొనే ఒకే సంస్థ. ఆ ఊళ్ల మీదుగా కొత్త రోడ్డు పడుతుందని, ఫ్యాక్టరీలు వస్తాయని ఏడాదిగా మాట నడుస్తోంది. ఎకరం ధర చెప్పుకునేటప్పుడు జనం గొంతు తగ్గిస్తున్నారు.

గ్లోరీ మొదటి కవరు తీసి ఉర్దూ కాగితం మీద స్కేలు పెట్టింది. ఆమెకు ఉర్దూ ధారాళంగా రాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. పట్టాదారు పేరున్న గడి దాటింది. దాని పక్క గడిలో ఒక మాట. శీన్. కాఫ్. మీమ్. యే. షిక్మీ.

ఆ మాట గురులింగప్ప అరుగు మీద వందసార్లు విన్నది. పట్టా దొర పేరున ఉన్నా, మొదటి నుంచీ దున్నుకుంటూ ఆ భూమి మీద హక్కు ఉన్నవాడు షిక్మీదారు. ఆ ఒక్క మాట మీదనే ఆ ప్రాంతంలో ఎంతోమంది మాదిగలు, లింగాయతులు, తురకలు తమ చెలకలు నిలబెట్టుకున్నారు.

ఆమె తెలుగు ప్రతిలో అదే గడి చూసింది. అక్కడ “జీతగాడు” అని ఉంది.

తప్పు చదివానేమోనని మళ్లీ కూడబలుక్కుంది. రెండో కవరు తీసింది. షిక్మీ, జీతగాడు. మూడోది. పదోది. ఇరవయ్యోది. కింద గోదాములో హమాలీలు బస్తాలు దించుతున్నారు. ఒక్కో బస్తా నేల మీద పడ్డప్పుడల్లా ఆమె ఉలిక్కిపడుతోంది. భూమి మీద హక్కున్న అరవై కుటుంబాల తాతలు ఆ కవర్లలో దొర దగ్గర జీతం ఉన్నవాళ్లయిపోయారు. జీతగాడి మనవడికి భూమి మీద ఏ హక్కూ ఉండదు. పట్టాదారు వారసులను పట్టుకుని సంతకం పెట్టించుకుంటే చాలు.

అరవై ఒకటో కవరు మీద కెంపుగడ్డ అని ఉంది. షిక్మీ గడిలో పేరు: ఎల్లయ్య వల్ద్ సాయన్న. సాయన్న కొడుకు ఎల్లయ్య.

ఎల్లయ్య గుండయ్య తండ్రి. గ్లోరీ తాత.

ఆమె ఆ కవరును కిందపెట్టి, వేళ్లు కాలినట్టు చేతులు ఒళ్లోకి తీసుకుంది.  తల ఎత్తేసరికి ప్రేమ్‌సాగర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“చూసిన్రా మేడం?” అన్నాడు.

“ఈ సంతకాలు చేసినాయన పోయిన శ్రావణంల సచ్చిపోయిండు సార్. నేనే మట్టి వేసిన.”

“తెలుసు.” ఆయన లోపలికి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. “మీరు రాస్తరు. రాసేదాకా ఊకోరు. కాని ఒక్కటి సోచాయించుకోన్రి. మీ నాయిన భూమి ఇండ్ల ఉన్నది. రేపు ఎవరన్న ఏమంటరు? గ్లోరీ మేడం సొంత భూమి కోసం ఆడిట్‌ను వాడుకున్నది అంటరు. మీ పేరా పోతది, మీ నౌకరీ పోతది.”

ఆమె విప్పిన కవర్లను నంబర్ల వరసలో పేర్చసాగింది.

“లేకుంటె ఇంకో తొవ్వ ఉన్నది. ఆ ఒక్క పేజీల మాట దిద్దుత. ఇయ్యాలనే. ముద్ర కొట్టి మీ చేతికిస్త. గుండయ్య గారి రెండెకరాల జోలికి ఎవ్వరు రారు. మిగిలినయి మీకు ఎందుకు?”

అరవై ఒకటో కవరు మొదటి నుంచీ తన కోసమే ఆ బీరువాలో ఉందని గ్లోరీకి అప్పుడర్థమైంది. ఈ ఆడిట్‌కు ఎవరు వస్తారో తెలిశాక చేర్చారో, లేక ఆమె వచ్చేలా చూశారో. రెండింటిలో ఏదైనా ఒకటే.

“తాళంచెవి నా దగ్గరనే ఉండనియ్యిన్రి సార్, సాయంత్రం దాకా,” అంది.

ఆయన భుజాలు ఎగరేసి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆమె ఫోనుతో అరవై కవర్లలోని కాగితాల ఫోటోలు తీసింది. జిరాక్సులు తీయించి ప్రతి పేజీ మీద కోటేశ్వరరావు చేత సంతకం పెట్టించింది. ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసి పెట్టాడు. అరవై ఒకటో కవరును మాత్రం మళ్లీ విప్పలేదు.

“అదీ తీసుకోండి మేడం గారు,” అన్నాడు కోటేశ్వరరావు చిన్న గొంతుతో. “ఒక్క ఫోటో తీసి పెట్టుకోండి. నా మాట వినండి.”

“నాది నేను తీసుకుంటె ఆ అరవై పోతయి సార్. సొంతవాళ్ల కాగితం నేను చూడొద్దు. రూలది. అది వేరే ఆఫీసరు వచ్చి చూడాలె.”

“ఆయనొచ్చేదాకా అది ఇక్కడ ఉంటుందంటారా?”

గ్లోరీ కవరు మీద తేదీ రాసింది. అంటించి, అతుకు మీద సంతకం చేసి, బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి రాతపూర్వకంగా డైరెక్టర్‌కు అప్పగించింది. చేయాల్సిన పద్ధతి అదే. ఇరవై రెండేళ్లుగా ఆమె అలాగే చేసింది.

ఆ వారంలోనే దేవరాజ్ ఇంటికి వచ్చి చెప్పాడు. “పొద్దుగాల నువ్వు వోయినంక ఎవరో మనిషి ఇంటికొచ్చి ఇల్లు అమ్ముతరా అని అడిగిండు. మేం అమ్ముతలేం అన్న. ఊరికెనే అడిగిన, ఎంత వస్తదో తెలుసుకుందామని, అని గోడలన్ని చూసి పోయిండు.”

“ఎట్లున్నడు?”

“మంచిగనే ఉన్నడు. తెల్లంగి. నీ పేరు వెట్టి అడిగిండు.” దేవరాజ్ చెప్పులు విప్పుతూ ఆగాడు. “ఏమైంది చెప్పు. ఫికర్ జేస్తున్నవు.”

ఆమె చెప్పింది. అంతా విని దేవరాజ్ అరచేతిలోని కాలిన మచ్చలు చూసుకున్నాడు. “మీ నాయినకు చెప్పినవా?”

“చెప్తే, ఆ కవరు తెచ్చుకొమ్మంటడు.”

“అంటడు,” అన్నాడు దేవరాజ్. “నేను కూడ అంటున్న.”

ఆమె తెచ్చుకోలేదు. రెండు రోజులు కూర్చుని నివేదిక రాసింది. మొదటి వాక్యంలోనే రాసింది: ఈ పత్రాల్లో ఒకటి ఆడిట్ అధికారి కుటుంబానికి చెందినది, పేరు కనిపించగానే దాన్ని పక్కన పెట్టాను, మరొకరు పరిశీలించాలి. తర్వాత అరవై వరసలు. ఒక పక్క ఉర్దూ మాట, ఎదురుగా తెలుగు మాట. చివర గురులింగప్ప మరణ ధ్రువీకరణ పత్రం. పోస్టులో వేయకుండా తనే సంగారెడ్డి ఆఫీసులో ఇచ్చి రావాలనుకుంది. జహీరాబాద్‌లో బస్సు ఎక్కితే, దేవరాజ్ చెప్పినట్టే తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకడు రెండు సీట్ల వెనుక కూర్చున్నాడు. ఆమె సంగారెడ్డిలో దిగితే ఆయనా దిగాడు. ఆఫీసుకు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతూ ఆమె లోపలికి పోవడం చూశాడు, ముద్ర వేయించుకుని బయటికి రావడం కూడా చూశాడు. దగ్గరికి రాలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

ఇరవై రోజులకు కదలిక వచ్చింది. ప్రేమ్‌సాగర్‌ను వేరే జిల్లాకు మార్చారు. చెల్లింపులు ఆపేసి, కొత్త కాగితాలు తీసుకోకుండా కేంద్రాన్ని మూసి ఉంచారు. అరవై ఒకటో పత్రం చూడడానికి గిరీశ్ అనే అధికారిని పంపారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, నిక్కచ్చి మనిషి. ఆయన కేంద్రం నుంచే గ్లోరీకి ఫోన్ చేశాడు.

“మేడం, ఇక్కడ అరవయ్యే ఉన్నాయి.”

“బీరువాల కింది అరల చూడున్రి. అంటించిన కవరు. నా సంతకం ఉంటది.”

“చూశాను మేడం. రిజిస్టరులో కూడా అరవయ్యే ఉన్నాయి. ఆ పేజీ వేరే ఇంకుతో ఉంది. కొత్తగా కుట్టినట్టుంది.”

“కోటేశ్వరరావు సార్ లేడా?”

“సెలవు పెట్టారట. తెనాలి వెళ్లారంటున్నారు. ఫోను స్విచాఫ్.”

 గిరీశ్ తను చూసింది చూసినట్టు రాస్తానని చెప్పి పెట్టేశాడు. రాశాడు కూడా. కాని లేని కాగితం గురించి ఎంత నిజాయితీగా రాసినా అది కాగితం కాదు.

దసరా దాటాక రెవెన్యూ ఆఫీసులో విచారణ జరిగింది. అరవై కుటుంబాలనూ పిలిచారు, దరఖాస్తు పెట్టుకున్న గుండయ్యనూ రమ్మన్నారు. గ్లోరీ ఇచ్చిన ప్రతులు చూసి ఆ అరవై అనువాదాలూ చెల్లవని, వాటి మీద జరిగిన అమ్మకాలు ఆపేయాలని ఉత్తర్వు వచ్చింది. బయట వేపచెట్టు కింద జనం చాలాసేపు నమ్మలేకపోయారు. కెంపుగడ్డ పొలిమేర రైతు చెన్నబసప్ప వచ్చి గ్లోరీ రెండు చేతులు పట్టుకున్నాడు. “నిన్న రాత్రే నా కొడుకు భూమి పోయిందనుకొని బొంబాయి లారీ ఎక్కుత అన్నడు తల్లీ. నువ్వు ఆపినవ్,” అన్నాడు.

గుండయ్య కొంచెం దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాత రిజిస్టరు ఆఫీసులోనూ దొరకలేదని ఆయన దరఖాస్తు మీద “ఆధారం లభ్యం కాలేదు” అని రాసి ఇచ్చారు. డెబ్భై ఆరేళ్ల మనిషి, చదువు రాదు, కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూస్తున్నాడు. గ్లోరీ పోయి పక్కన కూర్చుంది.

“నీ చేతికొచ్చిందంట కదా బిడ్డా,” అన్నాడాయన.

“వచ్చింది నాయినా.”

“ఇడిసిపెట్టినవ్.”

“ఇడిసిపెట్టిన.”

ఆయన కాగితాన్ని మడిచి రుమాలులో కట్టుకున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు. ఊరికి తిరిగిపోయే జీపులో ఆయన చెన్నబసప్ప పక్కన కూర్చున్నాడు, ఆమె పక్కన కూర్చోలేదు.

సంక్రాంతి ముందు సర్వేవాళ్లు వచ్చి ఆ రెండెకరాల చుట్టూ పసుపు రంగు వేసిన రాళ్లు పాతారు. నాలుగు పక్కలా చెన్నబసప్పవీ ఇంకొకరివీ భూములు, వాటిలో రాయి లేదు. మధ్యలో ఆ ముక్క ఒక్కటే. అడిగితే, పట్టాదారు వారసుల దగ్గర కొన్నామని, కాగితాలున్నాయని చెప్పారు. ముందుండి రాళ్లు పాతించింది తెల్లంగి మనిషి. గ్లోరీ తల్లి నారమ్మ గట్టు మీద నిలబడి చూస్తుంటే దగ్గరికి వచ్చి, “పెద్దమ్మా, మీ బిడ్డ బాగున్నదా?” అని అడిగాడట. ఆ మాట చెప్పడానికే తల్లి ఫోన్ చేసింది.

ఆ తర్వాతి ఆదివారం గ్లోరీ ఊరికి పోయింది. గుండయ్య గుడిసె ముందు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నారమ్మ లోపలికి పోయి, పెళ్లినాటి రేకు పెట్టె బోర్లించి, అడుగున పరిచిన పాత గుడ్డను చింపింది. అందులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. నూనె మరకలతో గోధుమరంగుకు తిరిగింది.

“మా అత్త సచ్చిపోయేటప్పుడు నాకిచ్చింది. ఏందో తెల్వదు. పారేయకు అన్నది. మీ నాయినకు కూడ తెల్వదు.”

గ్లోరీ వాకిట్లో వెలుగుకు పట్టుకుని కూడబలుక్కుంది. శిస్తు కట్టిన రసీదు. కట్టినవాడు ఎల్లయ్య వల్ద్ సాయన్న. పేరు కింద చిన్న అక్షరాలతో షిక్మీ.

ఈసారి ఆమె ఏ రూలూ చూసుకోలేదు. అక్కడే నేల మీద పెట్టి నాలుగు ఫోటోలు తీసి దేవరాజ్‌కు పంపింది, చెల్లెలికి పంపింది. తర్వాత మూడు రోజులు సెలవు పెట్టింది. తండ్రి పేరున అప్పీలు రాసి, మిగతా జనంతో పాటు వరసలో నిలబడి రెవెన్యూ ఆఫీసు కిటికీలో ఇచ్చింది. గుమాస్తా దాన్ని తిరగేసి చూశాడు.

“ఇది ఉర్దూల ఉన్నదమ్మా. దీని తెలుగు కావాలె. ముద్రతోని.”

“ఎక్కడ చేయించాలె?” అని అడిగింది, తెలిసి కూడా.

“అనువాద కేంద్రం మల్ల తెరిచిన్రు కదా. అల్లం గోదాము మీద.”

మెట్లు అవే, ఘాటు అదే. పైన బల్లలు మార్చారు, మనుషులు మారారు. కోటేశ్వరరావు కుర్చీలో ఎవరో కొత్తాయన కూర్చున్నాడు. చెయ్యి చాచాడు.

“ఒరిజినల్ ఇచ్చి పోన్రి. పదిరోజులకు రాన్రి.”

“నకలు తీసుకోన్రి. ఒరిజినల్ నేను చూపిస్త గాని ఇయ్య.”

“అట్ల కాదు మేడం, రూలున్నది.”

“ఏ రూలు, ఏ తేదీది, నాకు చూపియ్యున్రి,” అంది గ్లోరీ. ఆమె గొంతు పెరగలేదు. ఆయన ఆమె ముఖం చూసి నకలు తీసుకున్నాడు.

పదో రోజు తెలుగు ప్రతి వచ్చింది. ఆమె బల్ల దగ్గరే నిలబడి చదివింది. షిక్మీదారు అని సరిగ్గానే రాశారు. సర్వే నంబరు సరిగ్గానే ఉంది. తేదీ సరిగ్గానే ఉంది. పేరు: సాయిలు కొడుకు ఎల్లయ్య. సాయన్న లేడు. కెంపుగడ్డలో సాయిలు కొడుకు ఎల్లయ్య అనేవాడు ఎన్నడూ లేడు.

ఆమె సంచిలోంచి రసీదు తీసి సరిచూసింది. కాగితాన్ని బల్ల మీద పెట్టి ఆ పేరు కింద వేలు ఉంచింది.

“అయ్యో, చిన్న తప్పు మేడం,” అన్నాడు కొత్తాయన. “దిద్దుతం. ఇచ్చి పోన్రి. రేపు రాన్రి.”

గ్లోరీ అసలు రసీదును చేతిసంచిలో పెట్టుకుని, గోడ పక్క బల్ల మీద కూర్చుంది. “దిద్దేదాక ఈడనే కూసుంట.”

పొద్దున పదకొండు గంటలకు కూర్చుంది. వాళ్లు భోజనానికి పోయి వచ్చారు. ఎవరెవరో లోపలికి, బయటికి తిరిగారు. ఒకసారి తెల్లంగి గుమ్మం దాకా వచ్చి, ఆమెను చూసి, వచ్చిన దారినే కిందికి దిగిపోయాడు. నాలుగు దాటాక దిద్దిన కాగితం ఇచ్చారు. ఆమె ఒక్కో మాటా రసీదుతో పోల్చి చూసుకుంది. రెండుసార్లు చూసుకుని ముద్ర వేయించుకుంది.

అప్పీలుకు నంబరు పడింది. తేదీ ఇంకా రాలేదు. గ్లోరీకి ఈ ఏడు మెదక్ వైపు ఆడిట్లు వేశారు, వారానికి ఒకసారే ఇంటికి వస్తోంది. ఇల్లు అడగడానికి ఇంకో ఇద్దరు వచ్చి పోయారని దేవరాజ్ చెప్పాడు. మొదటి వానలు పడ్డాక గుండయ్య ఎవరికీ చెప్పకుండా నాగలి కట్టి ఆ రెండెకరాలు దున్నాడు. పసుపు రాళ్లు అడ్డం వచ్చినచోట పక్క నుంచి తిప్పాడు. కందులు మొలిచాయి. కోతకు వచ్చేదాకా ఉండనిస్తారో లేదో తెలియదు. పొద్దున్నే ఆయన చేనుకు పోతుంటే నారమ్మ ఇప్పుడు తనూ వెంట పోతోంది, ఒంటరిగా పంపడం లేదు.